చంటిపిల్లలకు ఏ వరసలో చోటు?

ఆహ్వానపత్రిక అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట అచ్చేస్తుంటారు: "పిల్లలను దయచేసి తీసుకురావద్దు." కొందరు అయిదేళ్ల లోపు అంటారు, కొందరు ఎనిమిదంటారు, మరికొందరు ఏకంగా పదేళ్లంటారు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని నిర్వాహకులను ఎన్నోసార్లు అడిగాను. "గోల చేస్తారు కదండీ" అన్నదే జవాబు.

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు ఒక కూచిపూడి ప్రదర్శనకు తీసుకెళ్లాను. ముప్పావుగంట కదలకుండా చూసింది. తరంగం మొదలై నర్తకి ఇత్తడి పళ్లెం అంచుమీద కాళ్లు మోపి కదలగానే, "అమ్మా, పడిపోతుందేమో!" అని గట్టిగా అరిచింది. వెనక వరసలో ఎవరో ఉష్ అన్నారు. రెండు నిమిషాల్లో ఒక కార్యకర్త వంగి నడుచుకుంటూ వచ్చి, "పాపను కాసేపు బయటికి తీసుకెళ్లండమ్మా" అన్నాడు. గొడవెందుకని లేచాను. ఇంటికి చేరేదాకా ఆటోలో పాప ఒక్కటే ప్రశ్న: "పడిపోయిందా అమ్మా?"

ఆ కార్యకర్తను తప్పుపట్టను. తనకు చెప్పిన పని తను చేశాడు. కానీ పళ్లెం మీద నాట్యం చేసేది ఎందుకు? చూసేవాళ్ల గుండె గొంతులోకి రావాలని. ఆ హాల్లో మూడు వందలమందిలో ఒక్కరి గుండె గొంతులోకి వచ్చింది, ఆ ఒక్కరినీ బయటికి పంపారు. అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చిన్నపిల్లల్ని నాటకానికీ కచేరీకీ నాట్యానికీ తీసుకెళ్లాలా, వద్దా? తీసుకెళ్తే ఏ వయసులో, ఎలాంటిదానికి, ఎంతసేపు? కళాకారుడి గోడు ఏమిటి, పక్క సీటువాడి హక్కేమిటి, పిల్లల చెవుల సంగతేమిటి?

మన తాతల కాలంలో ఈ ప్రశ్న లేదు. తోలుబొమ్మలాట రాత్రి భోజనాలయ్యాక మొదలై కోడికూసేదాకా సాగేది. చాపలూ దుప్పట్లూ చంకన పెట్టుకుని ఊరంతా కదిలొచ్చేది. తెరకు దగ్గరగా పిల్లలు, వాళ్ల వెనక ఆడవాళ్లు, చివర మగవాళ్లు. నిద్రొస్తే ఉన్నచోటే ఒరిగిపోవడం. కథ బరువెక్కి కళ్లు మూతలుపడే వేళకు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి దూకి నిద్ర వదలగొట్టేవాళ్లు. లంకాదహనం వచ్చేసరికి అమ్మమ్మ భుజం తట్టి లేపేది. ఏడ్చే చంటిపిల్లను తల్లి ఎత్తుకుని చెట్టు కిందికి వెళ్లి, సముదాయించి, మళ్లీ వచ్చి కూర్చునేది. ఆట ఆగేది కాదు. ఎవరూ ఉష్ అనేవారు కాదు.

పిల్లలకోసమని విడిగా కట్టిన కళ కాదది. అందరికోసం కట్టినదాంట్లోనే పిల్లలకు చోటుండేది. హరికథలో దాసుగారు కథ మధ్య చెప్పే పిట్టకథ ఎందుకు? పెద్దలకు ఊపిరాడటానికి, పిల్లలకు కునుకు వదలడానికి. బుర్రకథలో కథకుడికి చెరోవైపు హాస్యం, రాజకీయం నిలబడేది ఎందుకు? ఒకే గొంతు గంటసేపు వింటే ఎవరికైనా మనసు చెదురుతుంది కాబట్టి. చిందు యక్షగానంలో హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ చేసే పనీ అదే. పిల్లల ఏకాగ్రత ఎంతసేపుంటుందో మన కళాకారులు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఎదురుగా చాపమీద కూర్చున్నవాళ్లను చూసి తెలుసుకున్నారు. అయితే ఆ రోజులన్నీ బంగారమని చెప్పబోవడం లేదు. కేతిగాడి హాస్యంలో బూతు పాలు తక్కువేమీ కాదు, పిల్లలకు అర్థంకాదులే అని పెద్దలు నవ్వేసేవారు.

శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలు బొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ చేతులు ఇవాళ ఎక్కువగా చేస్తున్నవి దీపాలకు చుట్టే షేడ్లు, గోడకు తగిలించే పటాలు. తెర వెనక ఆడాల్సిన హనుమంతుడు నగరంలో డ్రాయింగ్‌రూమ్ దీపంమీద కదలకుండా నిలబడ్డాడు. ఆ ఇంట్లో పిల్లలు రోజూ ఆయన్ని చూస్తారు, ఆయన ఆట మాత్రం ఒక్కసారీ చూడరు.

ఊరిబయటి మైదానంనుంచి ఆట హాల్లోకి వచ్చాక లెక్క మారింది. టికెట్, సీటు నంబరు, చీకటి, నిశ్శబ్దం, ఏసీ. వేదికమీద వెలుగు, ప్రేక్షకులమీద చీకటి అన్న ఏర్పాటు వచ్చాక ప్రేక్షకుడి పని ఒక్కటే అయింది: కదలకుండా చూడటం. నాలుగేళ్ల పిల్లకు చేతకానిది సరిగ్గా అదే. చూడటం చేతనవును, కదలకుండా ఉండటం చేతకాదు. కదలిక ఆ వయసు పిల్లలు చూసే పద్ధతిలోనే ఉంది. మద్దెల మోగితే భుజాలూగుతాయి, రాక్షసుడొస్తే లేచి నిలబడతారు.

మైదానానికీ హాలుకీ మధ్య ఒక మజిలీ ఉంది. దాని పేరు సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబం 'కీచకవధ'తో మొదలుపెట్టిన ఆ నాటకసమాజానికి పిల్లలంటే బెదురు లేదు. కారణం తేలిక. అక్కడ వేదికమీదే పిల్లలుంటారు. సురభి కుటుంబాల్లో బిడ్డ నడక రాకముందే చిన్నికృష్ణుడుగానో మరొకరి బిడ్డగానో స్టేజీమీదికి వచ్చేస్తుంది. అమ్మ రాణి వేషంలో ఉంటే బిడ్డ పరదా వెనక ఉయ్యాల్లో ఉంటుంది. తమ బిడ్డ ఏడుపు విని వేషం వేసినవాళ్లు ఎదుటివాళ్ల బిడ్డ ఏడ్చిందని వేషం మరచిపోరు.

పళ్లెం సంగతి జరిగిన మరుసటేడు మా అమ్మాయిని హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణానికి సురభివారి 'మాయాబజార్' చూపించడానికి తీసుకెళ్లాను. ఆరుబయలు. హార్మోనియం మొదలవగానే పాప నా ఒడిలోంచి జారి కుర్చీ ముందు నిలబడింది. నారదుడు తాళ్లమీద పైనుంచి దిగాడు. అందరూ నారదుణ్ణి చూస్తుంటే పాప తాళ్లను చూసింది. "అమ్మా, ఆయన్ని ఎవరు పట్టుకున్నారు?" అంది. లోపల ఒక తాతయ్య పట్టుకున్నాడన్నాను. యుద్ధంలో రెండువైపులనుంచీ బాణాలు నిప్పులు కక్కుతూ వచ్చి నడిమధ్య ఢీకొన్నప్పుడు నా చీరకొంగులో మొహం దాచుకుంది, మళ్లీ ఒక కన్నుతో చూసింది. నిప్పు ఆరాక కొంచెం కాలిన వాసన మా దాకా వచ్చింది. ఆ వాసన తనకు ఈనాటికీ గుర్తు. సినిమా 'మాయాబజార్' తను ఇరవైసార్లు చూసి ఉంటుంది, దాన్ని పాటలతో గుర్తుపెట్టుకుంది. సురభిది మాత్రం వాసనతోనూ తాళ్లతోనూ గుర్తుపెట్టుకుంది.

ఫోనులో ఇదంతా దొరుకుతుంది కదా, హాలుదాకా ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఆ వాసనే. తెరమీద నారదుడు ఎగిరితే పిల్లకు ఆశ్చర్యం లేదు, తెరమీద అందరూ ఎగురుతారు. నిజంగా మనలాంటి మనిషి, మనం పీల్చే గాలిలోనే, మన తలమీదుగా వెళ్లడం వేరు. దీనికి పరిశోధన తోడ్పాటూ ఉంది. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం హాల్లో పరిశోధకులు 6 నుంచి 14 నెలల వయసున్న 120 మంది పసివాళ్లతో ఒక పరిశీలన చేశారు. పసిపిల్లలకోసమే కట్టిన ఒక చిన్న సంగీత రూపకాన్ని కొందరికి ఎదురుగా ప్రదర్శించారు, కొందరికి దాని వీడియో చూపించారు. ఎదురుగా చూసిన పిల్లల చూపు ఎక్కువసేపు వేదికమీద నిలిచింది. అంతేకాదు, వాళ్ల గుండె వేగం కలిసికట్టుగా పెరిగి తగ్గింది. 2023లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మాటలింకా రాని బిడ్డ కూడా నలుగురిమధ్య కూర్చుని ప్రేక్షకురాలు కాగలదని దానర్థం. ఒక్క పరిశీలనతో అన్నీ తేలిపోవు నిజమే. కానీ "వాళ్లకేం తెలుస్తుందిలే" అన్న మాట ఇక నిలవదు.

ఇప్పుడు రెండోవైపు చూడాలి. కళాకారుల బాధ నిజమైన బాధ. తోడి రాగం ఆలాపన మంద్రంలో, తంబూరా శ్రుతితో కలిసి, సన్నని తీగలా సాగుతున్న క్షణంలో మూడో వరసనుంచి ఒక కేక వస్తే గాయకుడి మనసులో అల్లుకుంటున్నది తెగుతుంది. తెగినదాన్ని అతికించడం కష్టం. నాటకంలో మౌనం మీద నిలబడే ఘట్టాలుంటాయి. మహానటుడైనా ఆ మౌనాన్ని ఒక చిప్స్ ప్యాకెట్ చప్పుడుకు వదులుకోవాల్సిందే. పక్క సీటులో ఉన్నాయన టికెట్ కొనుక్కుని, నెలరోజులు ఎదురుచూసి వచ్చి ఉంటాడు. ఆయనకు ఈ గోల భరించాల్సిన అవసరం లేదు. దేవాలయంలో నాదస్వరం వేరు, ఆ గంటలూ జనమూ అన్నీ కలిసే అక్కడి సంగీతం. మూడు వందలమంది ఊపిరి బిగబట్టి వినే కచేరీ వేరు.

అందుకని అన్ని ప్రదర్శనలకూ అందరు పిల్లలనూ తీసుకెళ్లాలని నేననను. మూడేళ్ల బిడ్డను మూడు గంటల కచేరీలో కూర్చోబెట్టడం బిడ్డకూ శిక్షే. దానికన్నా బాధ కలిగించేది మరొకటుంది. ఏడవబోతున్న పిల్ల చేతిలో ఫోను పెట్టి, శబ్దం తగ్గించి బొమ్మలు చూపించడం. చీకట్లో ఆ నీలివెలుగు నాలుగు వరసలకు కనబడుతుంది. పిల్ల హాల్లోనే ఉంటుంది, ఆట చూడదు. చుట్టూ ఉన్నవాళ్లకూ ఆట అందదు. అంతకన్నా బయట మెట్లమీద కూర్చుని లోపలినుంచి వచ్చే మృదంగం వినిపించడం నయం. కనీసం వినడమైనా అవుతుంది.

పసిపిల్లను తీసుకొచ్చిన తల్లి ఎప్పుడైనా లేవడానికి సిద్ధపడి రావాలి. నడవ పక్క సీటు, తలుపుకు దగ్గర. అలా లేచి వెళ్లినందుకు ఎవరూ ఆమెవైపు గుర్రుగా చూడకూడదు. వాస్తవంలో లేవాల్సి వచ్చేది ఎప్పుడూ తల్లే. తండ్రి ముందుకు వంగి నాటకం చూస్తుంటాడు. ఒక ప్రదర్శనలో విరామానికి ముందు మూడుసార్లు లేచి వెళ్లిన ఒకామెను చూశాను. నాలుగోసారి తిరిగి రాలేదు. కాబట్టి ఈ ప్రశ్న పిల్లలదే కాదు, బిడ్డ పుట్టాక అయిదారేళ్లపాటు ఒక్క నాటకమైనా చూడని ఆడవాళ్లదీ.

వీటన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సిన విషయం చెవుల గురించి. సద్దు చేయకండని పిల్లలను బయటికి పంపే మనం, ఆ పిల్లలమీద పెద్దలు చేసే సద్దు గురించి మాట్లాడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది: పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా ఫరవాలేదు. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగమవుతుంది. అంటే 78కి 20 గంటలు, 81కి 10 గంటలు. అలా దిగుతూ పోతే 90 డెసిబెల్స్ దగ్గర పిల్లలకు వారానికి గంటంపావు మిగులుతుంది. 99కి చేరితే పది నిమిషాలు కూడా మిగలదు. సంగీత వేదికల్లో పెద్దల రక్షణకోసం అదే సంస్థ 2022లో పెట్టిన హద్దు, 15 నిమిషాల సగటు మీద, 100 డెసిబెల్స్. అంటే పెద్దలకు హద్దులోనే ఉన్న కచేరీలో కూర్చున్న పసివాడికి వారం రేషను మొదటి రెండు పాటల్లోనే అయిపోతుంది.

2024 నవంబరులో హైదరాబాదులో గాయకుడు దిల్జిత్ దోసాంజ్ కచేరీకి ముందు రంగారెడ్డి జిల్లా స్త్రీ శిశు సంక్షేమ అధికారులు ఒక నోటీసిచ్చారు. అందులో పిల్లలను స్టేజీమీదికి తీసుకురావద్దన్నారు. పెద్దలకు 140, పిల్లలకు 120 డెసిబెల్స్ దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను ఎత్తిచూపారు. పత్రికల్లో అదే నోటీసులో ఉన్న మద్యం పాటల గురించిన మాటే పెద్దగా నలిగింది, చెవుల మాట పక్కకు పోయింది. పైగా ఆ 120 అన్నది ఒక్క క్షణం పేలే మోతకు హద్దు, గంటలతరబడి వినడానికి కాదు. టపాకాయ పేలుడుకు పెట్టిన గీతను రెండు గంటల కచేరీకి కొలబద్దగా తీసుకుంటే చెవి దక్కదు. అయినా ఒక ప్రభుత్వ శాఖ కచేరీ సందర్భంలో పిల్లల చెవుల ప్రస్తావన తేవడం మంచిపనే.

పెద్ద కచేరీలదాకా ఎందుకు, మన బడి వార్షికోత్సవాలు చూడండి. వేదికకు రెండువైపులా మనిషెత్తు స్పీకర్లు. వాటికి పది అడుగుల దూరంలో, నేలమీద పరిచిన కార్పెట్‌పైన ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు. చిన్నవాళ్లు కదా, ముందు కూర్చోబెడదామన్న ప్రేమతోనే ఆ ఏర్పాటు. ఆ ప్రేమే వాళ్లను హాల్లోకెల్లా మోత ఎక్కువున్న చోట కూర్చోబెడుతోంది. ఆరుబయట స్పీకరునుంచి దూరం రెట్టింపైతే మోత సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే పది అడుగులనుంచి ఇరవై అడుగులకు జరిపితే పిల్లలు వినగలిగే సమయం నాలుగు రెట్లవుతుంది. దీనికి డబ్బక్కర్లేదు, కార్పెట్‌ను వెనక్కి లాగే ఇద్దరు మనుషులు చాలు. ఆ పైన చెవులను కప్పే ఇయర్‌మఫ్‌లు పిల్లల సైజులో దొరుకుతున్నాయి. చెవుల్లో దూది పెట్టడం ఆ పనికి సరిపోదు.

శబ్దకాలుష్యానికి మనకున్నవి 2000 సంవత్సరపు నిబంధనలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వద్దంటాయి. తలుపులు మూసిన ఆడిటోరియాలకు ఆ నియమం లేదు. అవి పొరుగిళ్లవాళ్ల నిద్రను కాపాడటానికి రాసిన నిబంధనలు, లోపల కూర్చున్న బిడ్డ చెవిని తలచుకుని రాసినవి కావు.

ఇక భయం సంగతి. హిరణ్యకశిపుడి పొట్ట చీల్చే నరసింహుణ్ణి చూసి జడుసుకుని, వారంరోజులు పక్కతడిపిన పిల్లలున్నారు. అదే ఘట్టాన్ని మళ్లీ మళ్లీ చూపించమని పేచీ పెట్టిన పిల్లలూ ఉన్నారు. వయసొక్కటే చూసి ఇది తేల్చలేం. కథ ముందే తెలిసిన పిల్ల భయపడుతుంది, కానీ బెదిరిపోదు. స్తంభంలోంచి సింహం వస్తుందని, అది మంచి సింహమని, లోపల ఒక మామయ్య ఉన్నాడని ముందురోజు రాత్రి పడుకోబెడుతూ చెబితే సగం పని అయిపోయినట్టే. వీలైతే ఆట అయ్యాక లోపలికి తీసుకెళ్లి ఆ మామయ్య రంగు తుడుచుకుంటుండగా చూపించాలి. మన కళాకారులు కాదనరు. మా పాపకు ఒక హిరణ్యకశిపుడు తన మీసం తీసి చేతికిచ్చాడు.

సినిమాలకైతే 2023 చట్టసవరణతో యూఏ 7+, 13+, 16+ అన్న మెట్లొచ్చాయి. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు, రాత్రి 11 తర్వాత, ఉదయం 11కు ముందు 16 ఏళ్ల లోపువారిని సినిమా హాళ్లలోకి రానివ్వకుండా చూడమని కూడా అంది. మార్చిలో ఆ ఆంక్షను సడలించింది. నాటకానికీ కచేరీకీ ఇలాంటి మెట్లేవీ లేవు, ఉండాలని నేను కోరను కూడా. నాటకంమీద సర్కారు చెయ్యి ఎంత తక్కువుంటే అంత మేలు. కానీ నిర్వాహకులు తామే ఆహ్వానపత్రికలో రెండు ముక్కలు రాయవచ్చు: నిడివి ఇంత, మోత ఇలా ఉంటుంది, రక్తం ఉంది, పొగ ఉంది, మధ్యలో లైట్లన్నీ ఆరిపోతాయి. తీసుకెళ్లాలో వద్దో తల్లిదండ్రులే తేల్చుకుంటారు.

బయటి లోకం ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు వెతికింది. 1936లో మాస్కోలో పిల్లల రంగస్థలం నడుపుతున్న నతాలియా సాట్స్ అడిగితే ప్రొకోఫియెవ్ 'పీటర్ అండ్ ద వుల్ఫ్' రాశాడు. పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తోడేలుకు మూడు హార్న్‌లు. కథకుడు చెబుతుంటే వాద్యాలు పాత్రలవుతాయి. మొత్తం దాదాపు అరగంట. పిల్లల ఓపిక ఎంతో తెలిసి కొలిచి రాసింది కాబట్టే అది తొంభై ఏళ్లుగా నిలబడింది. 1958నుంచి 1972దాకా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో లియొనార్డ్ బెర్న్‌స్టీన్ పిల్లలకోసం 53 కచేరీలు చేశాడు. పెద్దల ఆర్కెస్ట్రా అంతటినీ పిల్లలకోసం కూర్చోబెట్టి, సంగీతమంటే ఏమిటని వాళ్లతో ముచ్చటించాడు. పిల్లలకు కదా అని నాసిరకం వాయించలేదు. ఇటలీ బొలోన్యాలో లా బరాక్కా బృందం 1987నుంచి మూడేళ్లలోపు పసివాళ్లకు నాటకాలాడుతోంది. 2011 అక్టోబరులో న్యూయార్క్ బ్రాడ్వేలో 'లయన్ కింగ్' ఆటను ఆటిజం ఉన్న పిల్లలకోసం మార్చి ఆడారు. మోత తగ్గించారు, హాల్లో చీకటి తగ్గించారు, లేచి తిరిగినా కేకేసినా ఫరవాలేదన్నారు. ఇంగ్లండులో ఇలాంటి ఆటలకు రిలాక్స్‌డ్ ప్రదర్శనలన్న పేరు స్థిరపడింది. అందరికీ ఒకే నియమం పెట్టకుండా, పదిసార్లు ఆడే నాటకంలో ఒక్కసారి నియమాలు సడలించడం ఆ పద్ధతి. పది ఆటల్లో తొమ్మిది పెద్దలకు నిశ్శబ్దంగా, ఒకటి పిల్లలకు స్వేచ్ఛగా. నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు ఇదే. ఎవరి హక్కూ పోదు.

మన దేశంలోనూ లేకపోలేదు. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1989లో పిల్లలకు నాటకాలాడే సంస్కార్ రంగ్ టోలీని పెట్టింది. పిల్లల నాటకోత్సవం జష్న్-ఎ-బచ్‌పన్ వాళ్లదే. బెంగళూరు రంగశంకర 2004లో తెరుచుకున్నాక 'ఆహా' పేరుతో పిల్లల నాటకాలకు విడిగా చోటిచ్చింది. మైసూరు రంగాయణలో వేసవి వస్తే చిన్నర మేళా. ఆలస్యంగా వస్తే పెద్దలనైనా లోపలికి రానివ్వని రంగశంకర పిల్లలకు విడిగా పండగ చేయడం గమనించాలి. క్రమశిక్షణకూ పిల్లలకూ పొసగదన్న మాట అబద్ధమని అది చూపిస్తోంది.

మరి మనం? తెలుగువాళ్లం పిల్లలను స్టేజీ ఎక్కించడంలో ఎవరికీ తీసిపోము. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించి, తరాల పిల్లలకు మైకు ముందు బెదరకుండా మాట్లాడటం నేర్పారు. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకు ప్రత్యేక విభాగముంది. అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనలో 1978నుంచీ పాడుతూ వస్తున్నవాళ్లలో తెలుగింటి పిల్లలకు లోటు లేదు. కానీ వేదికమీద ఉన్న పిల్లకు ఎదురుగా, కింద కూర్చుని చూసే పిల్ల గురించి ఎవరాలోచిస్తున్నారు? బాలల నాటికల పోటీలో ముందు వరసలో న్యాయనిర్ణేతలు, రెండో వరసలో అతిథులు, ఆ వెనక వేషాల్లో తమవంతుకోసం చూసే పిల్లలు. ఊళ్లోని మామూలు పిల్లలు, ఏ పోటీలోనూ లేనివాళ్లు, ఎక్కడ?

నాట్యపాఠశాలల వార్షికోత్సవం ఇంకో రకం. మధ్యాహ్నం మూడింటికే మేకప్, బిగించిన జడ, నగలు. అయిదేళ్ల పిల్లకు వంతు వచ్చేసరికి రాత్రి తొమ్మిది. నాలుగు నిమిషాల నాట్యానికి ఆరు గంటల నిరీక్షణ. మధ్యలో మేకప్ చెడుతుందని అన్నం పెట్టరు. ఇతరుల నాట్యం చూడనివ్వకుండా గ్రీన్‌రూమ్‌లో కూర్చోబెడతారు. ఇందులో పిల్ల నేర్చుకునేదల్లా వేదికంటే అలసట అని. చిన్నవాళ్ల అంశాలు ముందుగా, ఆరున్నరకల్లా అయిపోయేలా పెట్టి, ఆ తర్వాత వాళ్లను కడిగి, తినిపించి, పెద్దక్కల నాట్యం చూడటానికి ముందు కూర్చోబెడితే ఎంత బాగుంటుంది! ఆ పెద్దక్కలను చూసే కదా వాళ్లు రేపు నేర్చుకోవాల్సింది.

మన గొప్పవాళ్లు ఎలా గొప్పవాళ్లయ్యారో ఒకసారి వెనక్కి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఘంటసాల పసివాడుగా ఉన్నప్పుడు తండ్రి సూరయ్యగారు భజనల్లో తరంగాలు పాడుతుంటే నాట్యం చేసేవాడు. మంగళంపల్లి బాలమురళి ఎనిమిదేళ్లకే విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు. పాలకొల్లు పిల్లవాడు మాండలిన్ శ్రీనివాస్ తొమ్మిదేళ్లకు 1978లో గుడివాడ ఆరాధనలో వాయించాడు. ఎనిమిదేళ్లకు పాడాలంటే అంతకు అయిదేళ్ల ముందునుంచీ విని ఉండాలి. వాళ్లంతా సంగీతం నడిచే ఇళ్లలో పుట్టారు, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పెద్దల ఒడిలో కూర్చుని విన్నారు. అలాంటి ఇంట్లో పుట్టని పిల్లకు ఆ ఒడి ఎక్కడ దొరుకుతుంది? హాలే ఆ ఒడి కావాలి. "పదేళ్ల లోపువారికి ప్రవేశం లేదు" అని అచ్చేసిన ప్రతిసారీ, కళాకారుల ఇళ్లలో పుట్టినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఈ తలుపు మూసేస్తున్నామని గుర్తించాలి. పదేళ్లు నిండాక తెరిచినా, అప్పటికి ఆ పిల్ల వేరే తలుపులు చూసుకుని వెళ్లిపోయి ఉంటుంది. హాళ్లలో నెరిసిన తలలే కనబడుతున్నాయని బాధపడే సభలవాళ్లు తమ ఆహ్వానపత్రిక అడుగున ఉన్న చిన్న అక్షరాలను ఒక్కసారి చదువుకోవాలి.

నేనడిగేది పెద్ద ఖర్చుతో అయ్యేది కాదు. నెలనెలా కార్యక్రమాలు చేసే ప్రతి సంస్థా ఏడాదిలో రెండు మూడింటిని పిల్లలకు తెరవాలి. ఆదివారం ఉదయం పదింటికి, యాభై నిమిషాలకు మించకుండా, సన్మానాలూ శాలువాలూ లేకుండా. ప్రసంగాలమధ్య ఇరుక్కున్న నాట్యాన్ని ఏ పిల్లా భరించలేదు, నిజానికి పెద్దలూ భరించడం లేదు. హాల్లో సగం వెలుగు ఉంచాలి. స్పీకరు మోత తగ్గించాలి, చిన్న హాలయితే మైకే వద్దు. తలుపు తెరిచి ఉంచాలి. మృదంగం ఆయన ఒకసారి మృదంగాన్ని కిందికి దించి పిల్లల చేత కొట్టించాలి. తరంగం చేసే అమ్మాయి పళ్లెం పట్టుకుని చూడనివ్వాలి, ఎంత బరువుంటుందో, అంచు పాదానికి ఎలా తగులుతుందో. పెద్దల ప్రదర్శనలు ఇప్పటిలాగే, కావలసినంత నిశ్శబ్దంగా సాగనివ్వండి.

రవీంద్రభారతినుంచి మండలకేంద్రంలో కళ్యాణమండపందాకా సభలు నడిపే పెద్దలందరికీ నా విన్నపం. ఈసారి మీ ఆహ్వానపత్రికలో "పిల్లలను తీసుకురావద్దు" అన్న వాక్యాన్ని తీసేసి, ఆ చోట్లోనే "ఫలానా ఆదివారం ఉదయం ఆటకు పిల్లలతో రండి, ముందు చాప వేసి ఉంటుంది" అని అచ్చేయండి. చాప నేను తెస్తాను.